గేటు దాటి పది అడుగులు

గురువారం. మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలు.

మార్కాపురం ఊరి చివర, పలకల ఫ్యాక్టరీ గేటు బయట ఒక తెల్ల వ్యాన్ ఆగి ఉంది. డ్రైవర్ మురళీకృష్ణ దాని తాళం తీశాడు. పక్క తలుపు జరిపాడు. లోపలి వేడి ముఖానికి కొట్టింది.

వెనక సీట్లో యజమాని ఉమామహేశ్వర్లు ఒరిగి ఉన్నాడు. చొక్కా గుండీలు తెగిపోయాయి. కళ్లు తెరిచే ఉన్నాయి.

మురళి పిలిచాడు. భుజం పట్టుకుని కదిపాడు. ఫ్యాక్టరీ కుళాయి దగ్గరికి పరుగెత్తి బకెట్‌తో నీళ్లు తెచ్చి ముఖాన చల్లాడు. ఎన్ని నీళ్లు చల్లితే ఏం లాభం, మనిషి పోయి అప్పటికే చాలాసేపయింది.

ఎస్సై ఉషారాణి మూడూ ముప్పై ఐదుకు వచ్చింది. ఆ స్టేషన్‌కు వచ్చి ఆరు నెలలే అయింది. ఆమెకు మాట తక్కువ, చూపు ఎక్కువ అని కానిస్టేబుళ్లు వెనకాల చెప్పుకుంటారు. ఆమె ముందుగా శవాన్ని చూడలేదు. తలుపు లోపలి హ్యాండిల్ చూసింది.

అది వంగిపోయి ఉంది. ముందు సీటు వైపు హ్యాండిల్ విరిగి కింద పడింది. అద్దాల మీద అరచేతి ముద్రలు, ఒకదాని మీద ఒకటి. శవం గోళ్లలో రక్తం గడ్డకట్టింది.

బయట నలభై నాలుగు డిగ్రీలు. మూసిన వ్యాన్‌లో ఎంత ఉంటుందో లెక్క కట్టడానికి ఆమెకు మనసు రాలేదు. అరవై ఏళ్ల గుండె జబ్బు మనిషి, బయటపడటానికి చివరిదాకా పెనుగులాడాడు. ఆమె ఒక నిమిషం పక్కకు తిరిగి నిలబడింది.

తర్వాత డ్రైవర్ని పిలిచింది.

"తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే మేడం."

"ఇంకో తాళం?"

"లేదు. ఇదొక్కటే."

"ఎన్నింటికి ఇక్కణ్ణించి పోయినావు?"

"ఒకటీ ఇరవై ఏడుకు. సెట్టిగారు ఇంటికి పోయి ఫైలు తెమ్మన్నారు. స్కూటర్ తాళం, వ్యాన్ తాళం ఒకటే గుత్తి. గుత్తి తీసుకోని పోయినా."

"తలుపు?"

"తీసే పెట్టినా మేడం. గాలి రావాలని. ఆయన గూడ తీసే ఉంచు అన్నారు."

"వచ్చేసరికి?"

"మూసుంది. తాళం పడింది."

పక్కన నిలబడిన సీఐ నవ్వాడు. "తీసి పెట్టిన తలుపు దానంతటదే తాళం వేసుకుందా? తాళం ఒక్కటి. అది వీడి జేబులో. ఇంకేం కావాలమ్మా నీకు?"

నిజమే, పైకి చూస్తే ఇంకేమీ అక్కర్లేదు. కారణం కూడా సిద్ధంగా ఉంది. పది రోజుల కిందట అర్ధవీడు దగ్గర మలుపులో ఈ వ్యాన్‌కే బ్రేకులు పడలేదు. ఎదురుగా గొర్రెల మంద. పదకొండు గొర్రెలు చక్రాల కింద పోయాయి. మంద ఎవరిదో కాదు, మురళి తండ్రి పెద్దయ్యది. కన్నతండ్రి గొర్రెల మీదికి కొడుకే బండి ఎక్కించాడు. ఆ రోజు ఫ్యాక్టరీకి వచ్చి మురళి అందరి ముందూ అరిచాడు: "ఈ బండిలో ఎవరో ఒకరు పోతారు సెట్టిగారూ, గుర్తు పెట్టుకోండి."

ఆ మాట విన్నవాళ్లు పద్నాలుగు మంది. పద్నాలుగు మందీ సాక్ష్యం ఇచ్చారు.

సాయంత్రం ఆరింటికి మురళిని అరెస్టు చేశారు. రేపు ఐదింటికి కోర్టులో హాజరు పెట్టి రిమాండ్‌కు పంపాలని సీఐ ఆర్డరు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం. త్వరగా తేల్చెయ్. ఊళ్లో పెద్ద కుటుంబం, ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి."

లాకప్‌లో మురళి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బయట మెట్ల మీద పెద్దయ్య. భుజాన గొంగళి, చేతిలో కర్ర. ఎవరు కదలమన్నా కదల్లేదు.

ఉషారాణి అతని ముందు ఆగింది. "ఇంటికి పో పెద్దాయనా. ఇక్కడ కూర్చొని ఏం చేస్తావు?"

"మావాడు లోపలుంటే నేనేడికీ పోను తల్లీ. వాడు తప్పు చేసింటే ఉరెయ్యండి. చెయ్యలేదు. గొర్రెలు చచ్చిననాడు వాడు రోడ్డు మీద పొర్లి ఏడ్చినాడు. ఆ పెద్దమనిషి గూడ వాని పక్కనే కూచోని ఏడ్చినాడు. నా కండ్లతో చూసినా."

ఉషారాణి ఆ మాట డైరీలో రాసుకుంది.

శుక్రవారం. ఉదయం తొమ్మిదిన్నర.

వ్యాన్‌ను స్టేషన్ ఆవరణలోకి తెచ్చి పెట్టారు. ఉషారాణి చుట్టూ తిరిగి చూసింది. ఎనిమిది సీట్ల బండి. స్టీరింగ్ ఎడమవైపు. జనం ఎక్కి దిగే తలుపు కుడివైపు, అంటే మన రోడ్ల మీద సరిగ్గా లారీలు పోయే వైపు. ఎయిర్‌బ్యాగులు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు. నంబరు ప్లేటు ఎప్పుడో తుక్కు కింద అమ్మిన ఒక పాత వ్యాన్‌ది.

ఇది విదేశంలో పాతబడిన బండి. మన దేశంలో ఏ పరీక్షా జరగలేదు. జరిగితే పాసయ్యేదీ కాదు. ఉమామహేశ్వర్లు కొడుకు ఫణికృష్ణ పలక రాళ్లు పై దేశాలకు ఎగుమతి చేస్తాడు. ఆ పరిచయాలతోనే బండిని ముక్కలు ముక్కలుగా విప్పించి, పాత స్పేర్ పార్టుల పేరుతో తెప్పించాడు. పొదిలి రోడ్డులో షెడ్డు ఉన్న మెకానిక్ అశోక్ ఆ ముక్కల్ని మళ్లీ బండిగా బిగించాడు.

"ప్రసన్నా, నేను లోపల కూర్చుంటా. మురళి తాళంతో బయట నుంచి లాక్ చెయ్."

కానిస్టేబుల్ ప్రసన్న జంకింది. "మేడం, నిన్ననే గదా అందులో..."

"అందుకే."

తలుపు మూసుకుంది. తాళం తిరిగింది. లోపల చప్పుడంతా ఆగిపోయింది. బయట ప్రసన్న పెదాలు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. ఉషారాణి హారన్ నొక్కింది. తాళం లేకుండా అది మోగదు. అద్దం బటన్ నొక్కింది. కదల్లేదు. మోచేత్తో అద్దాన్ని గుద్దింది. మందపాటి అద్దం, మోచెయ్యే నొచ్చింది. రెండు నిమిషాలకే ఒళ్లంతా చెమట పట్టింది. నిన్న ఆయన ఇక్కడే కూర్చున్నాడన్న సంగతి ఒక్కసారి గుర్తుకొచ్చి ఆమెకు భయమేసింది. పోలీసుద్యోగంలో ఎప్పుడూ లేనంత భయం.

వంగిన హ్యాండిల్‌ను పట్టుకుని గట్టిగా లాగింది.

తలుపు తెరుచుకుంది.

ఆమె కిందికి దిగింది. "మళ్లీ చెయ్" అంది. మళ్లీ చేశారు. మళ్లీ తెరుచుకుంది. మూడోసారి కూడా.

మురళి తాళంతో వేస్తే ఈ తలుపు లోపలి నుంచి వస్తుంది. నిన్న రాలేదు.

పది గంటలకు అశోక్‌ను పిలిపించారు. ముప్పై ఏళ్లవాడు, చేతులకు ఇంకా గ్రీజు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఈ తాళం ఎక్కడిది?"

"నేనే చేయించినా మేడం. డూప్లికేట్."

"ఒరిజినల్?"

"రాలేదు. పార్టుల్లో రాలేదు."

"ఒరిజినల్ లేకుండా డూప్లికేట్ దేన్ని చూసి కోయించినావు?"

అశోక్ చేతులకంటిన గ్రీజు పంట్లాంకు తుడుచుకున్నాడు.

"అశోక్, నీ షెడ్డులో ఇట్లాంటి బండ్లు ఇంకెన్ని ఉన్నాయి?"

"మూడు." గొంతు సన్నగిల్లింది. "ఒక ప్రైవేటు స్కూలుకు. జూన్‌లో ఇయ్యాల. మేడం, నోరిప్పితే నన్ను గూడ లోపలేస్తారు. ఇప్పకపోతే మురళన్న పోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేనేం జెయ్యాల?"

"నిజం చెప్పు. దొంగ బండి బిగించిన కేసు నీ మీద ఎట్లాగూ ఉంటది. దాన్ని నేను మాపలేను. హత్య కేసు అంటించుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం."

అతను నేల చూశాడు. "ఒరిజినల్ వచ్చింది మేడం. రిమోట్ ఉంటది దానికి. ఒకసారి నొక్కితే మామూలు లాక్, లోపల హ్యాండిల్ పనిచేస్తది. రెండుసార్లు నొక్కితే లోపల హ్యాండిల్ గూడ పనిచెయ్యదు. దొంగలు అద్దం పగలగొట్టినా తలుపు తీయలేకుండా పెట్టినారంట ఆ దేశంలో. మనిషి లోపలుంటే అంతే సంగతులు. దాన్ని తీసేద్దామంటే ఫణి అన్న ఖర్చెందుకు, ఉండనీ అన్నాడు."

"ఆ రిమోట్ ఎవరికి ఇచ్చినావు?"

"ఫణి అన్నకే. ఇంటోళ్లకు తెల్వదు."

ఉషారాణి ఫణికృష్ణకు ఫోన్ చేసింది. అతను ఆసుపత్రిలో తండ్రి శవం కోసం కాచుకుని ఉన్నాడు. గొంతు బొంగురుపోయింది.

"రిమోటా? నేనెప్పుడూ చూడలేదు మేడం. ఆ మెకానిక్ బొంకుతున్నాడు. వాని తప్పు నా మీదికి తోస్తున్నాడు."

"నిన్న మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

"గిద్దలూరు పోయినా, క్వారీ పని మీద. ఒకటింబావుకే ఇంటి నుంచి బయల్దేరినా. మా అమ్మను అడగండి. ఎండకు తాళలేక కంభం దగ్గర చెట్టు కింద గంటసేపు కారాపినా. గిద్దలూరు బంకులో డీజిల్ కొట్టించినా, కెమెరా ఉంటది చూడండి."

బంకు కెమెరా ఫుటేజీ అప్పటికే వచ్చింది. మూడూ పదికి ఫణి కారు అందులో ఉంది. తల్లి సుబ్బరత్నమ్మ నిన్న రాత్రే స్టేట్‌మెంట్ ఇచ్చింది. కొడుకు ఒకటింబావుకు బయల్దేరాడని ఆమె గట్టిగా చెప్పింది. ఫోను ఏ టవర్ కింద ఉందో తెలియాలంటే కంపెనీ నుంచి జవాబు రావాలి. రెండు రోజులు పడుతుంది. ఉన్నది ఆరు గంటలు.

అశోక్ మాట ఒకవైపు, కన్నతల్లి మాట మరోవైపు. కోర్టులో ఎవరి మాట నిలుస్తుందో చిన్నపిల్లవాడికైనా తెలుసు.

పదకొండున్నరకు ఆమె లాకప్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మురళీ, మొదటి నుంచి చెప్పు. సెట్టిగారు ఎక్కడికి పోవాలనుకున్నారు?"

"ఒంగోలు మేడం. రవాణా ఆఫీసుకు. గొర్రెలు చచ్చినకాడి నుంచి ఆయనకు నిద్ర లేదు. ఈ బండి, షెడ్డులో మూడు బండ్లు అప్పజెప్పి, మావాడు తప్పు చేసినాడని రాసిస్తా అన్నారు. రేపు ఆ వ్యాన్లల్లో పిల్లలెక్కుతారు గదరా అని ఒకటే మాట."

"ఫణికి తెలుసా?"

"తెలుసు. పొద్దున ఇంట్లో పెద్ద గొడవ. బండ్ల కాయితాల ఫైలు దాచిపెట్టినాడు. అది వెతికి తెమ్మనే నన్ను పంపినారు."

"మరి ఫైలు లేకుండా ఒకటీ ఇరవై ఐదుకే బండెక్కడమెందుకు? ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చోవచ్చు గదా?"

మురళి ఆమెను కొంచెం వింతగా చూశాడు. "గురువారం ఒకటిన్నరకు రాహుకాలం మేడం. మూడు దాకా. దానికి ముందే బండి గేటు దాటించి ప్రస్థానం పెట్టించినారు. పది అడుగులు పోతే చాలు, ప్రయాణం మొదలైనట్టే. ఇంక రాహుకాలంలో పోయినా దోషం లేదు. కానీ ఒకసారి దాటినాక మళ్లీ గేటు లోపలికి అడుగు పెట్టగూడదు. పెడితే ఎత్తిన పని చెడుతుంది. ఫోను ఆఫీసులో చార్జింగ్ పెట్టి మర్చిపోయినారు. దానికి గూడ దిగలేదు. నువ్వొచ్చినాక తెద్దువులే అన్నారు."

ఎండకు పన్నెండు నుంచి నాలుగు దాకా ఫ్యాక్టరీకి సెలవు. చుట్టుపక్కల పురుగు లేదు. ఆయన అక్కడ కూర్చుంటాడని, ఎంత ఉక్కపోసినా దిగడని, చేతిలో ఫోను లేదని తెలిసినవాడికి పని ఎంత సులువో.

"ఫైలు దొరికిందా?"

"లేదు. ఒకటీ నలభై ఎనిమిదికి ఫణి సారే ఫోన్ చేసినాడు. నేను కంభం దాటినా, ఫైలు అశోక్ షెడ్డులో ఉంది, పోయి తీసుకో అన్నాడు. పోయినా. అశోక్ అన్నానికి పోయినాడు. రెండూ నలభైకి వచ్చి, ఫైలేంది, నాకేం తెల్సు అన్నాడు. సెట్టిగారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వచ్చి చూస్తే..."

మురళి మోకాళ్ల మీద తల వాల్చాడు.

ఉషారాణి తన గదిలోకి వెళ్లి రెండు స్టేట్‌మెంట్లు టేబుల్ మీద పక్కపక్కన పెట్టింది. మురళిది నిన్న హెడ్ కానిస్టేబుల్ రాసినది: సెట్టిగారు ఒకటీ ఇరవై ఐదుకు బయల్దేరినారు. సుబ్బరత్నమ్మది: మా అబ్బాయి ఒకటింబావుకు బయల్దేరినాడు.

రెండుసార్లు చదివింది. మూడోసారి మొదటి వాక్యం దగ్గర ఆగిపోయింది.

సెట్టిగారు ఒకటీ ఇరవై ఐదుకు బయల్దేరారు. మూడూ ఐదుకు గేటు బయటే ఉన్నారు.

అయితే కొడుకు?

పన్నెండూ పదికి ఆమె జీపులో ఉంది.

సెట్టిగారి ఎదురింట్లో లక్ష్మీదేవమ్మ అనే డెబ్భై ఏళ్ల ఆమె ఒంటరిగా ఉంటుంది. సెట్టిగారింట్లో శవం కోసం జనం చేరుతున్నారు. ఉషారాణి పెరటి దారిలో వెళ్లి, వంటింటి గడప దగ్గర కూర్చుని ఆమెతో ఇరవై నిమిషాలు మాట్లాడింది. మాటలన్నీ ప్రసన్న రాసింది. కింద ముసలామె వేలిముద్ర వేసింది.

జీపు ఎక్కుతుంటే సీఐ ఫోన్. "ఎక్కడున్నావు? రిమాండ్ రిపోర్టు రాసినావా?"

"సార్, ఫణికృష్ణను విచారించాలి."

"తండ్రికి తలకొరివి పెట్టబోతున్నాడమ్మా. ఒక్కడే కొడుకు. ఇప్పుడు ముట్టుకుంటే ఊరంతా స్టేషన్ మీద పడుతుంది. ఐదింటికి డ్రైవర్ కోర్టులో ఉండాల. అంతే."

అదీ నిజమే. ఆ కొరివి ఇంకెవరూ పెట్టలేరు. చంపినవాడే పెట్టాలి. ఉషారాణి పళ్లు బిగించి కాచుకుంది. రెండయింది. రెండున్నరయింది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ రెండు గంటలు ఆమె బతుకు అచ్చంగా అదే. స్టేషన్ మెట్ల మీద పెద్దయ్య టైమెంతైందని ప్రసన్నను నాలుగుసార్లు అడిగాడు.

మూడున్నరకు శ్మశానం నుంచి జనం తిరిగొచ్చారు.

మూడూ ముప్పావుకు తెల్ల వ్యాన్ సెట్టిగారి ఇంటి ముందు ఆగింది. వెనక జీపులో అశోక్, బేడీలతో మురళి. వీధిలో జనం తలుపుల దగ్గరికి వచ్చారు.

హాల్లో ఒక మూల దీపం. దాని పక్కన సుబ్బరత్నమ్మ. నిన్నటి నుంచి ఆమె కంట నీరు రాలేదని ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. ఫణికృష్ణ తడి పంచెతో నిలబడి ఉన్నాడు. మురళిని చూడగానే మండిపడ్డాడు.

"వీణ్ణి మా ఇంట్లోకి తెస్తారా? మీకు మనసుందా మేడం?"

"పది నిమిషాలు, ఫణిగారూ. తర్వాత ఎవరు ఎక్కడికి పోవాలో పోదురు." ఉషారాణి లక్ష్మీదేవమ్మను కూడా లోపలికి పిలిపించింది. బంధువుల్ని బయటికి పంపింది.

"మీ నాయనగారిని లోపల పెట్టి తలుపు బిగించింది మురళి తాళం కాదు. ఆ తాళంతో వేస్తే లోపలి హ్యాండిల్ పనిచేస్తుంది. పొద్దున నేనే కూర్చొని మూడుసార్లు చూసినా. రిమోట్ రెండుసార్లు నొక్కితేనే మనిషి చిక్కుకుంటాడు."

"రిమోట్ నా దగ్గర లేదని చెప్పినా గదా. నేను ఊర్లోనే లేను."

"ఎన్నింటికి బయల్దేరినారు?"

"ఒకటింబావుకు. ఎన్నిసార్లు చెప్పాల?"

ఉషారాణి సుబ్బరత్నమ్మ వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "అమ్మా, అబ్బాయి కారెక్కేటప్పుడు బ్యాగు చేతిలో ఉందా?"

"లేదమ్మా. రాహుకాలం వస్తాందని నేనే బ్యాగు ముందుగా ఎదురింట్లో పెట్టించినా. వాడు గడప దాటి, బ్యాగు లక్ష్మీదేవమ్మకిచ్చి, కారెక్కి పోయినాడు. ఎక్కడ పోవాలన్నా మా ఇంట్లో అంతే. ప్రస్థానం పెట్టినాక ఇంక బయల్దేరినట్టే గదా."

"ఏడికి పోయినాడో తెలుసా?"

"ఫ్యాక్టరీలో చిన్న పని చూసుకోని, వచ్చి బ్యాగు తీసుకోని అట్నే పోతా అన్నాడు."

ఆమె నిన్న అబద్ధం చెప్పలేదు. ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు, ఆమె చెప్పలేదు, అంతే.

"నిన్నటి నుంచి మేమందరం ఒకటే పొరపాటు చేసినాం" అంది ఉషారాణి. "ఇంట్లోంచి బయల్దేరినాడంటే ఊరు దాటినాడనుకున్నాం. ఈ ఇంట్లో బయల్దేరడం వేరు, పోవడం వేరు. సెట్టిగారు ఒకటీ ఇరవై ఐదుకు బయల్దేరినారు, గేటు ముందే ఉన్నారు. కొడుకూ అదే ఇంటి పిల్లవాడు. పెద్దమ్మా, బ్యాగు ఎప్పుడు తీసుకున్నాడు?"

లక్ష్మీదేవమ్మ చీర కొంగు సర్దుకుంది. "టైము నాకు తెల్వదమ్మా. మురళి స్కూటరు ఇట్ల మలుపు తిరిగిందో లేదో, అట్నుంచి ఫణి కారొచ్చింది. బ్యాగు తీసుకోని, మంచినీళ్లు గూడ తాక్కుండా పోయినాడు."

"ముసలామె" అన్నాడు ఫణి. "నిన్న ఏం తిన్నదో అడగండి, చెప్పలేదు."

"టైము ఆమె చెప్పక్కర్లేదు. మురళి ఈ ఇంట్లోంచి పోయింది మీ ఫోన్ వచ్చినాక, ఒకటీ యాభైకి. ఆ కాల్ మురళి ఫోన్లో ఉంది. కంభం దాటినా అని చెప్పినారు. కంభం ఇక్కడికి అరగంట పైనే దూరం. ఐదు నిమిషాల్లో ఎదురింటి అరుగు మీద ఎట్లా ఉన్నారు? మురళి ఇంట్లో ఉంటే బ్యాగు తీసుకోలేరు, అందుకే వాణ్ణి షెడ్డుకు తరిమినారు. ఆ బ్యాగు వదిలేసి నేరుగా గిద్దలూరు పోయింటే మిమ్మల్ని ఎవరూ పట్టుకోలేకపోదురు. కానీ పోలేరు. ప్రస్థానం పెట్టిన బ్యాగు వదిలి పోతే ప్రయాణం చెడుతుంది. నాయనను బండిలో పెట్టి బిగించి వచ్చిన చెయ్యే, శకునానికి భయపడింది."

ఫణి ముఖంలో నెత్తురు లేదు. అయినా నిలబడ్డాడు. "అన్నీ మాటలే. రిమోట్ ఏది? చూపించండి."

రిమోట్ ఇంకా దొరకలేదు. గడియారంలో నాలుగూ ఐదు.

సుబ్బరత్నమ్మ లేచింది. గోడ పట్టుకుని లేచింది. కొడుకు ముందుకొచ్చి నిలబడి, కొంగు ముడి విప్పింది. నల్లటి చిన్న రిమోట్, దానికి వేలాడే తాళం.

"నిన్న సాయంత్రం శవాన్ని ముట్టుకోని వస్తివి. చుట్టాలు నిన్ను బావికాడికి తీసకపోయి నీళ్లు పోసినారు. మైల బట్టలు అక్కడే పడేస్తివి. జేబులు చూసి గానీ నేను గుడ్డ తడపను, నలభై ఏండ్ల అలవాటు. ఇది దొరికింది. ఏందో తెలియక కొంగున కట్టుకున్నా. పొద్దున నువ్వు బావికాడ వెతుకుతుంటే చూస్తనే ఉన్నా. అమ్మా ఏమన్నా దొరికిందా అని ఒక్కమాట అడగలేదు. అప్పుడే నాకు భయమైంది నాయనా."

ఆమె దాన్ని ఉషారాణి చేతిలో పెట్టింది. ఉషారాణి గుమ్మంలోకి వచ్చి వ్యాన్ వైపు పట్టి నొక్కింది. ఒకసారి. మళ్లీ ఒకసారి. వీధిలో రెండు చప్పుళ్లు గట్టిగా వినిపించాయి. రిమోట్ ఇంట్లో దొరికితే ప్రసన్న లోపలికి చెయ్యి పెట్టి ఆ వంగిన హ్యాండిల్ లాగేందుకు ముందు తలుపు అద్దం పది నిమిషాల కిందే దించి పెట్టారు. ఆమె లాగింది. రాలేదు.

ఫణికృష్ణ గోడవారగా కూలబడ్డాడు.

"చంపాలని కాదమ్మా. రవాణా ఆఫీసు మూసేదాకా ఆపాల అనుకున్నా. నాయన వినలేదు. నన్ను జైల్లో పెట్టించి తీరతానన్నాడు. తలుపేసి పోయినా. సాయంత్రమొచ్చి తీద్దాం అనుకున్నా."

"నలభై నాలుగు డిగ్రీల్లో" అంది ఉషారాణి. "మురళిని షెడ్డుకు పంపడానికి ఫోన్ చేసినారు గదా. పోయి తలుపు తియ్యిరా అనడానికి ఇంకొక్క ఫోన్ చేసింటే చాలు."

బేడీలు మురళి చేతుల నుంచి ఫణి చేతులకు మారాయి.

నాలుగూ ఇరవైకి ఉషారాణి సీఐకి ఫోన్ చేసింది. అతను అంతా విన్నాడు. తర్వాత, "రిపోర్టులో పేరు మార్చు" అని ఫోన్ పెట్టేశాడు. షెడ్డులో మూడు వ్యాన్లు సీజ్ చెయ్యడానికి ఒక జీపు వెళ్లింది. అశోక్ వాటి తాళాలతో ఆ జీపులోనే వెళ్లాడు. పెద్దయ్యకు కబురు చెప్పమని ఆమె స్టేషన్‌కు మనిషిని పంపింది.

మురళి గడప బయట నిలబడి మణికట్లు రుద్దుకుంటున్నాడు. పోవాలో ఉండాలో అతనికి తెలియడం లేదు.

"మురళీ" అని పిలిచింది సుబ్బరత్నమ్మ. అతను వచ్చి ఆమెకు కొంచెం దూరంలో కింద కూర్చున్నాడు.

"ఆయన ఆఖరిగా నీతో ఏమన్నారు నాయనా?"

మురళి తల ఎత్తలేదు. "ఎండ శానా ఉంది, ఉత్త కడుపుతో తిరగొద్దు, ఇంట్లో ఇంత అన్నం తిని నిదానంగా రా అన్నారమ్మా. నేను తిన్నా. పావుగంట కూచోని తిన్నా. తినకుండా ఎనక్కి పోయింటే ఆయన బతికుండు."

సుబ్బరత్నమ్మ అతని తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"పెట్టింది నేనే గదరా" అంది. "లేస్తాంటే కూచోబెట్టి, ఇంకొంచెం తినమని మారన్నం వడ్డించింది నేనే గదా."

అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది.